సోషల్ నోట్సు

ఈసారి గ్రంథాలయ వారోత్సవాలకి నేను వెళ్ళింది పుస్తకాల కోసం కాదు, ముగ్గుల పోటీకి. ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఇదంతా చదివి నేనేదో పెద్ద చదువరిననుకుంటారు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా లైబ్రరీలన్నిట్లో ఈ వారోత్సవాలు చేస్తారు కదండీ. పిల్లలకి వ్యాసరచన, వక్తృత్వం, బొమ్మలు. మాకు ముగ్గులు. పెళ్ళై రాజోలు వచ్చి పదిహేనేళ్ళయింది. ఇన్నేళ్ళలో లైబ్రరీ గుమ్మం తొక్కింది పట్టుమని పదిసార్లు ఉండదు. మావారు మాత్రం ఇంటి పన్ను కట్టి వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తారు: "రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నావే, వెళ్ళి ఓ పుస్తకవైనా తెచ్చుకోరాదూ?" ఆయన వెళ్తారా అంటే, పేపరు చదవడానికి వెళ్తారు. పేపరు ఇంటికీ వస్తుంది. అది వేరే సంగతి.

మావాడు ఏడో తరగతి. వాణ్ణి వెంటబెట్టుకెళ్ళింది పిండి డబ్బాలు మోయడానికి. పదిహేను చుక్కల ముగ్గు, మధ్యలో పుస్తకం, చుట్టూ నెమళ్ళు అనుకున్నాను. నెమళ్ళు కాస్తా బాతులయ్యాయి. మూడో బహుమతి కూడా రాలేదు, సరే. సామాన్లు సర్దుకుని బయల్దేరుతుంటే లైబ్రేరియన్ గారు "ఉండండమ్మా, ఇవాళ బొమ్మల కథలు వేసే ఆయన మాట్లాడతారు. పిల్లాణ్ణి కూర్చోబెట్టండి" అన్నారు.

ఆయన మాకోసం హైదరాబాదు నుంచి పనిగట్టుకుని వచ్చినవారేం కాదు. వాళ్ళ అమ్మగారిది ఇటువైపే. కార్తీకంలో పెళ్ళికొచ్చారు. వచ్చినాయన్ని వచ్చినట్టు లైబ్రేరియన్ గారు పట్టుకున్నారు. ముందు మామూలు ఉపన్యాసాలు అయ్యాయి. మన గోదావరి జిల్లా కొంకుదురులో 1890లో పుట్టిన అయ్యంకి వెంకట రమణయ్యగారు ఊరూరా లైబ్రరీలు రావాలని ఎంత తిరిగారో, ఆ రోజుల్లో కృష్ణా కాలవల మీద పడవలో పుస్తకాలు పల్లెలకి ఎలా వెళ్ళేవో చెప్పారు. పడవ లైబ్రరీ సంగతి నాకు కొత్త. మనకి అన్ని కాలవలుండి మనవాళ్ళకి ఆ ఆలోచన రాకపోవడవేంటో అనుకున్నాను. పడవ అనగానే మావాడు తలెత్తి చూశాడు. వాడెందుకు చూశాడో నాకప్పుడు పట్టలేదు.

ఇక్కడ మావాడి గురించి కొంచెం చెప్పాలి. వాడు చదవలేడని కాదు. నెమ్మది. ఒక పేరా చదవడానికి పది నిమిషాలు కిందా మీదా పడతాడు, చదివాక ఏం చదివావురా అంటే దిక్కులు చూస్తాడు. అదే బొమ్మలున్న పుస్తకవైతే మూడు పూటలా అన్నం అడగడు. వాళ్ళ స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే టీచరుగారు "ఆ బొమ్మల పుస్తకాలు మాన్పించండి మేడం, అక్షరాల మీదకి దృష్టి రావట్లేదు" అన్నారు. నేనూ తలూపి వచ్చాను. మా చిన్నప్పుడు చందమామలో మొదట బేతాళుడి బొమ్మ చూసి, తర్వాతే కదా కథలోకి దిగేవాళ్ళం. ఆ మాట ఆవిడ దగ్గర నా నోట రాలేదు. ఇంటికొచ్చి వాడి బొమ్మల పుస్తకాలన్నీ అటకెక్కించాను.

తర్వాత జూన్లో, బడులు తెరిచే ముందు, పాతవన్నీ తీసి పాతసామాన్ల బండబ్బాయికి వేశాను. ఆరో తరగతి నోట్సులు, పాత పేపర్లు, మావారి సీడ్ కంపెనీ క్యాలెండర్లు, అన్నీ కలిపి 11 కిలోలు. కిలో 12 చొప్పున 132 రూపాయలు. అందులో వాడి సోషల్ నోట్సు కూడా చూడకుండా వెళ్ళిపోయింది. ఆ డబ్బులకి ఇంకొంచెం వేసి వాడికిష్టవని ఆత్రేయపురం మామిడి తాండ్ర కొన్నాను.

సరే, ఆ బొమ్మలాయన దగ్గరికి వస్తాను. లేచి నిలబడగానే వెనక నుంచి ఒక పెద్దాయన "గ్రాఫిక్ నవలంటే ఏవిటండీ, కామిక్కేనా?" అన్నారు. "కామిక్కేనండీ. కొంచెం లావుగా ఉంటే నవలంటారు. ధర పెంచుకోవచ్చు కదా" అన్నాడాయన. అందరూ నవ్వారు. అక్కడ్నించి ఉపన్యాసం లేదు. చాక్‌పీసు తీసుకున్నాడు.

బోర్డు మీద రెండు గడులు గీశాడు. మొదటి గడిలో కాలవ గట్టు, వంగిన కొబ్బరిచెట్టు, దాని మీద ఓ పిల్లాడు. రెండో గడిలో అదే గట్టు, అదే చెట్టు, పిల్లాడు లేడు, కింద చెప్పుల జత మాత్రం ఉంది. "ఏవైంది?" అన్నాడు. "నీళ్ళలో పడిపోయాడండీ!" "ఈతకి దిగాడండీ!" "వాళ్ళమ్మ వచ్చిందండీ, చెప్పులొదిలేసి పారిపోయాడండీ!" ఈ చివరిది మావాడు. అందరూ నా వంక చూశారు.

"ఈ మూడింట్లో నేను ఒక్కటీ గీయలేదు" అన్నాడాయన. "రెండు గడుల మధ్య ఈ సన్నటి ఖాళీ ఉంది చూశారా, అక్కడ మీరే గీసుకున్నారు. బొమ్మల కథ చదవడవంటే ఇదే." స్కాట్ మెక్‌క్లౌడ్ అని అమెరికా ఆయన ఈ ఖాళీ గురించే, కామిక్ ఎలా పనిచేస్తుందో 1993లో ఒక పుస్తకం రాశాడట. ఆ పుస్తకం కూడా కామిక్కేనట! చదవడానికి బద్ధకించేవాళ్ళ కోసం బొమ్మలు వేస్తారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఖాళీ కూడా చదవాలంటే అది బద్ధకస్తుల పనెలా అవుతుంది?

తర్వాత తెలుగక్షరాల గొడవ చెప్పాడు. ఇది నాకు భలే నచ్చింది. బోర్డు మీద ఒక బెలూను గీసి లోపల 'స్త్రీ' అని రాశాడు. "ఇంగ్లీషక్షరాలు బుద్ధిగా వరసలో కూర్చుంటాయి. మనవి పైన గుడి కట్టుకుంటాయి, కింద ఒత్తులు వేలాడేసుకుంటాయి. ఒక్క అక్షరానికి రెండంతస్తులు కావాలి. అందుకే ఇంగ్లీషులో వేసిన కామిక్కుని తెలుగు చేసినప్పుడు మాటలు బెలూనులో పట్టవు. మాట తగ్గించాలి, లేకపోతే బెలూను పెంచి బొమ్మ నరుక్కోవాలి." మొదట్నించీ తెలుగులోనే వేసేవాడికి ఆ తిప్పలుండవట, ఎంత చోటు కావాలో ముందే తెలుసు కాబట్టి. బాపుగారి పేరెత్తాడు. ఎత్తకుండా ఎలా ఉంటాడు? సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే అవతలి ఒడ్డు నర్సాపురం, బాపుగారు 1933లో పుట్టిన ఊరు. ఆయన ప్రాణస్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణగారేమో ధవళేశ్వరంలో పుట్టారు. ఒకరేమో గోదావరి సముద్రంలో కలవబోయే చోట, ఇంకొకరు ఆనకట్ట దగ్గర. ఇద్దరి మధ్యా మేం. బాపుగారు సినిమా తీయబోయే ముందు సీన్లన్నీ గడులుగా బొమ్మలేసుకునేవారట. అంటే ప్రతి సినిమా ముందు కామిక్కే అన్నమాట. ఆయన చేతిరాత ఇప్పుడు కంప్యూటర్లో ఫాంటు కూడా అయింది. మా పెళ్ళి శుభలేఖ మీద అక్షరాలు అవేనని నాకప్పుడు వెలిగింది.

పక్కింటి పిన్నిగారు కొంగు సర్దుకుని "ఆడవాళ్ళు వేస్తారా బాబూ ఇలాంటివి?" అన్నారు. విశాఖపట్నం రాగతి పండరిగారి గురించి చెప్పాడు. పోలియో వచ్చిన మనిషి, చెయ్యి మాత్రం ఆగలేదు, వేలకొద్దీ కార్టూన్లు వేశారు, 2015లో పోయారు. పిన్నిగారు "ఆవిడవి నేను వీక్లీల్లో చూసేదాన్ని, మగాయనేమో అనుకున్నా" అన్నారు.

ఇక ఆయన సంచీలోంచి రెండు పుస్తకాలు తీసి పిల్లల చేతికి ఇచ్చాడు. ఒకటి 'భీమాయన'. అంబేద్కర్ గారి జీవితం. మన జిల్లాకి పెట్టిన పేరు ఆయనదే కదా, పిల్లలు ముందు దాని మీదే పడ్డారు. 2011లో వచ్చింది. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే మధ్యప్రదేశ్ గోండు దంపతులు. ఆ పుస్తకంలో నలుపలకల గడులు లేవు. వాళ్ళ ఇళ్ళలో గోడల మీదా నేల మీదా వేసే దిగ్నా అనే ముగ్గులాంటి వరసలుంటాయట, వాటితోనే పేజీని విడదీశారు. పిండి చేతులు ఇంకా కడుక్కోని నేను లేచి వెళ్ళి మరీ చూశాను. బడిలో చిన్న పిల్లాడికి దాహవేస్తే నీళ్ళివ్వకపోవడం ఉంది ఆ పేజీల్లో. ఇటు చూస్తే గోదావరి, అటు చూస్తే కాలవ ఉన్న మా ఊళ్ళో కూర్చుని ఆ పేజీ చూస్తే గొంతులో ఏదో అడ్డం పడింది.

అందులోనే ఇంకోటుంది. మాటల బెలూన్లు అన్నీ ఒకలా ఉండవు. మంచి మాట మాట్లాడితే బెలూను పిట్ట ఆకారంలో ఉంటుంది. కుట్టే మాటైతే బెలూనుకి తేలు తోక. పిల్లలు ఎవరికెవరు తేలో చెప్పుకుని ఒకటే నవ్వులు. నేను పొద్దున్నించీ మావాడితో మాట్లాడిన మాటలు లెక్కేసుకున్నాను. పిట్టలు రెండు. రెండూ టిఫిను పెట్టేటప్పుడు.

రెండో పుస్తకం ఒరిజిత్ సేన్ అనే ఆయనది, 'రివర్ ఆఫ్ స్టోరీస్'. 1994లో వచ్చింది. మన దేశంలో మొదటి గ్రాఫిక్ నవల అని దాన్నే అంటారట. నర్మద మీద ఆనకట్ట కడితే ఒడ్డున ఉన్నవాళ్ళ గతేవిటని కథ. ఏరు, ఆనకట్ట అనేసరికి మావాడు కుర్చీలోంచి జారి నేల మీద ముందు వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"ఒక పేజీ వేయడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని ఓ అమ్మాయి అడిగింది. ముందు పొడవాటి నోట్సులో చిన్న చిన్న గీతలుగా అనుకోవడం, తర్వాత పెన్సిలు, దాని మీద ఇంకు, ఆఖర్న అక్షరాలు. "రెండ్రోజులు. ఒక్కోసారి మూడు. మీరు అర నిమిషంలో తిప్పేస్తారు" అన్నాడు. "మీలో ఎవరైనా గీస్తారా?"

నాలుగైదు చేతులు లేచాయి. అందులో మావాడిది ఉంది.

"ఏదీ, తెచ్చావా?"

"లేదండీ. నాది పోయిందండీ."

"ఎన్ని పేజీలు?"

"నలభై రెండండీ."

పైన చూడకుండా అని రాశాను కదా. అది నిజం కాదు. చూశాను. జూన్లో ఆ సోషల్ నోట్సు బండి మీద వేసే ముందు తిరగేశాను. ముందు వైపు నదుల పాఠం. ఏ నది ఎక్కడ పుట్టిందో ఒక్కటీ సరిగ్గా లేదు, టీచరుగారి ఎర్ర సిరా. వెనక నుంచి తిరగేస్తే చేపలు. పడవలు. గడులే గడులు. ఎందుకు పనికొస్తాయి ఇవి అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క పేజీ కూడా చదవలేదు. చూడ్డం మాత్రం చూశాను. తెలిసే వేశాను. ఐదు నెలలు వాడు అల్మారా కింద, మంచం కింద, ట్యూషన్లో వెతుక్కుంటుంటే "ఎక్కడ పెట్టుకున్నావో ఏవిటో, నీకు వస్తువు మీద ధ్యాసుంటే కదా" అన్నది కూడా నేనే. తేలు తోక.

బొమ్మలాయన "నావీ రెండు పోయాయిలే" అన్నాడు. "ఒకటి చెదలు తినేసింది, రెండోది మా అమ్మ పొయ్యిలో పెట్టింది." హాలంతా నవ్వారు. మావాడూ నవ్వాడు. నేను చేతికంటిన పిండి గీక్కుంటూ కూర్చున్నాను. ఆయన చాక్‌పీసు వాడి ముందు పెట్టి "అందులోది బాగా గుర్తున్న గడి ఒకటి గీయి" అన్నాడు.

వాడు గీశాడు. ముందు నీళ్ళు, అడ్డంగా మూడు గీతలు. పడవ. పడవ చివర వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి. చొక్కా లేదు. మెడ చుట్టూ తుండుగుడ్డ. ఒక భుజం కిందకి, ఒకటి పైకి. నీళ్ళలోంచి చేప ఒకటి తల బయటపెట్టి ఆ మనిషిని ఏదో అడుగుతోంది.

ఆ భుజం చూసి నాకు కాళ్ళల్లో సత్తువ పోయింది. మా మావయ్యగారు. కావిడి మోసీ మోసీ ఒక భుజం దిగిపోయి ఉండేది. శివరాత్రి వెళ్ళిన వారానికి పోయారు. మా హాల్లో దండేసిన ఫోటో ఉంది, ఆధార్ కోసం తీయించింది పెద్దది చేయించాం. తెల్ల చొక్కా, మెడ దాకా బొత్తాం, ఎవరో తిట్టినట్టు మొహం. ఆ మనిషి మా మావయ్యగారిలా ఉండరు. బోర్డు మీద మొహవే కనపడని ఈ మనిషి ఉన్నారు.

"ఎవరీయన?" అన్నాడు బొమ్మలాయన.

"మా తాతయ్యండీ. అది పులసండీ. దారి అడుగుతోందండీ."

కథంతా అక్కడే విన్నాను, నలభైమంది మధ్యలో. పులస అంతర్వేది దగ్గర సముద్రంలోంచి వశిష్ఠలోకి వస్తుంది. గుడ్లు పెట్టుకోవడానికి ఎగువకి పోవాలి. తాతయ్య వయసులో ఉన్నప్పుడు పడవలో కొబ్బరికాయలేసుకుని తిరిగినవాడు, రేవులన్నీ తెలుసు. చేపా తాతయ్యా కలిసి ఎదురీత. సఖినేటిపల్లి, దిండి, చించినాడ, సిద్ధాంతం. ఒక్కో రేవుకి ఒక్కో సంగతి. వల, మొసలి బొమ్మున్న పంటు, పులుసు కోసం చింతపండు నానబెట్టుకుని కూర్చున్న ఆవిడ. ఆఖరికి ధవళేశ్వరం. ఆనకట్ట. గుర్రం మీద కాటన్ దొర విగ్రహం. చేప అడుగుతుంది: "దొరా, పొలాలకి దారిచ్చావు. నాకేదీ?"

"దొర ఏవన్నాడు?" అన్నారెవరో.

"అక్కడి దాకానే గీశానండీ. తర్వాతేంటో తాతయ్యని అడగాలనుకున్నాను."

పుస్తెలమ్మయినా పులస తినాలంటారు మా వైపు. నేను పులసనే అమ్మేశాను, కిలో 12 చొప్పున.

ఆ రోజు ఇంటికి కాలవ గట్టు మీద నడిచే వచ్చాం. పిండి డబ్బాలు వాడి చేతిలో, నా చేతిలో ఏం లేదు. మాట ఎలా మొదలెట్టాలో తెలియక రెండుసార్లు దగ్గాను. తర్వాత చెప్పేశాను. పోలేదురా, నేనే బండికి వేసేశాను, చూసే వేశాను అని.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"తాండ్ర తెచ్చావు కదా, ఆ రోజే. డబ్బులెక్కడివా అనుకున్నా. సైకిలేసుకుని పాతసామాన్ల కొట్టుకి వెళ్ళా. పొద్దున్నే లారీకెక్కించేశానన్నాడు."

"మరి అల్మారా కింద వెతికావు కదరా?"

"ఇంకో నోట్సులో ఏవైనా గీశానేమోనని."

"నన్నడగలేదేం మరి?"

"అడిగితే సోషల్ మార్కులు అడుగుతావు."

కాసేపాగి, "తాండ్ర మాత్రం బావుంది" అన్నాడు. అది ఓదార్పో దెబ్బో నాకిప్పటికీ తెలీదు.

రాత్రి హ్యూస్టన్లో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పి కాస్త ఏడ్చాను. అక్కడ లైబ్రరీల్లో గ్రాఫిక్ నవలలకి వేరే అరలుంటాయట, వేసినవాళ్ళని పిలిచి పిల్లలతో మాట్లాడిస్తారట. 2016లో ఆ దేశపు పెద్ద లైబ్రరీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, పిల్లల పుస్తకాలకి రాయబారిగా జీన్ లుయెన్ యాంగ్ అనే గ్రాఫిక్ నవలలాయన్నే పెట్టిందట. "అలా అని ఇక్కడ తల్లులు నీకంటే తక్కువ తినలేదే" అంది అక్క. జెర్రీ క్రాఫ్ట్ అనే ఆయన 'న్యూ కిడ్' అని నల్లపిల్లాడి బడి కథ వేశాడు. 2020లో న్యూబరీ మెడల్ వచ్చింది, గ్రాఫిక్ నవలకి ఆ మెడల్ రావడం అదే మొదలు. మరుసటి ఏడాది అక్క వాళ్ళకి దగ్గర్లోనే, కేటీ అనే ఊళ్ళో, ఆయన ఆన్‌లైన్లో పిల్లలతో మాట్లాడాల్సి ఉంటే కొందరు తల్లిదండ్రులు ఆ పుస్తకం వద్దని పట్టుబట్టారు. పుస్తకం అరలోంచి తీసేశారు, మాట్లాడ్డం వాయిదా వేశారు. తర్వాత పరిశీలించి పుస్తకాన్ని మళ్ళీ పెట్టారు. "వాళ్ళు చదివే వద్దన్నారో, నీలా తిరగేసి వద్దన్నారో మరి" అంది. అక్కలు ఇంకెందుకుంటారు.

మర్నాడు మావారు గీతల్లేని పొడుగు నోట్సు తెచ్చారు, 200 పేజీలది. వాడు దాని అట్ట మీద 'సోషల్' అని రాశాడు. ఎందుకురా అంటే "నువ్వు తియ్యవు కదా ఇంక" అన్నాడు.

వారం నుంచి ఇంట్లో ఇదే పని. రేవుల పేర్లు వాడికి సగవే గుర్తున్నాయి. మావారికి అసలు తెలీవు. ఆయన బైకు మీద వంతెనలు దాటిన మనిషి. అత్తయ్యగారు మాత్రం గోడకి చేరబడి, బియ్యంలో రాళ్ళేరుకుంటూ, ఒక్కోటీ చెబుతున్నారు. ఏ రేవులో దిగితే ఎవరింట్లో మజ్జిగిచ్చేవారు, ఎక్కడ సుడులుంటాయి, ఎక్కడ మావయ్యగారు పడవ మునిగి కాయలన్నీ పోగొట్టుకుని మూడ్రోజులు ఇంటికి రాలేదు. ఈ చివరిది మావారికి కూడా తెలీదు. పోయి తొమ్మిది నెలలైనా ఆవిడ నోట ఆయన మాట ఇంతసేపు నేను వినలేదు. వాడు అడుగుతాడు, ఆవిడ చెబుతారు. నాకిచ్చిన పని అక్షరాలు. బెలూనులో పట్టని మాటలు తగ్గించడం. "ఎక్కడికెళ్తున్నావు" పట్టకపోతే "ఎటు?" అని. నిజానికి మావయ్యగారూ అంతే మాట్లాడేవారు.

నిన్న ఇరవయ్యో పేజీకి వచ్చాడు. అందులో కొత్త మనిషి ఒకావిడ వచ్చింది. రేవులో తక్కెడ పట్టుకుని చేపని తూకం వెయ్యబోతోంది. నా చీర. నా కళ్ళజోడు. బెలూనుకి తేలు తోక గీసి, లోపల ఖాళీ ఉంచాడు.

"ఇందులో ఏం రాయమంటావు?" అన్నాను.

"నీ ఇష్టం. పట్టేలా రాయి."

ఇంకా రాయలేదు. ఆలోచిస్తున్నాను. ఈలోగా అత్తయ్యగారు నోట్సు లాక్కుని, కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి, తాతయ్య ఉన్న గడి మీద వేలు పెట్టారు.

"ఎడమ భుజం కాదురా. కావిడి కుడి భుజానికి. చెరిపెయ్యి."